రాసినవాళ్లే చదివి వినిపించాలి

పాలమూరు వలస మీద తెలుగులో కథలు, కవితలు తక్కువేమీ రాలేదు. తట్ట, పార పట్టుకుని బొంబాయి బస్సెక్కిన జంటలు, ముసలివాళ్ల దగ్గర వదిలేసిపోయిన పిల్లలు, కూలీలను పనికి తోలుకుపోయే గుంపు మేస్త్రీ ముందే ఇచ్చిన అడ్వాన్సు, ఆ అడ్వాన్సు తీరక పండక్కి కూడా ఊరికి రాలేకపోయిన కొడుకు అందరూ మన సాహిత్యంలో ఉన్నారు. ఆ కథలకు బహుమతులు వచ్చాయి, సభల్లో చర్చలు జరిగాయి. కానీ ఆ బస్సెక్కిన మనిషి మాత్రం తన మీద వచ్చిన కథ చదవలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం పాలమూరు అని పిలుచుకునే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో అదే అన్నిటికంటే తక్కువ. ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు సగం మంది కూడా లేరు. నల్లగొండ కొంత మెరుగు, 64 శాతం. తర్వాత పరిస్థితి మారింది, పిల్లలు బడికి పోతున్నారు, నిజమే. కానీ మన కథల్లో ఎక్కువగా కనిపించేది ఆ పిల్లలు కాదు. వాళ్ల అమ్మలు, నాయనలు, తాతలు. అక్షరాలు కూడబలుక్కుని బస్సు బోర్డు చదవగలిగినంత మాత్రాన, కూలి నుంచి వచ్చి స్నానం చేసి అన్నం తిన్నాక, పది పేజీల కథ తెరుచుకుని కూర్చునే ఓపిక ఎవరికి ఉంటుంది?

వాళ్లందరి చేతిలో ఇప్పుడు ఫోన్ ఉంది. చదవడం రానివాళ్లు కూడా వాయిస్ మెసేజ్ పెడతారు, వింటారు. కాబట్టి నల్లగొండ, పాలమూరు జిల్లాల కవులు, కథకులు తాము రాసినదాన్ని తామే చదివి, రికార్డు చేసి, జనం చేతికి పంపాలి. అచ్చయిన పుస్తకానికి ప్రచారంగా పంపితే చాలదు. కథను ప్రచురించడం అంటే ఇది కూడా అని ఒప్పుకుని, అచ్చుకు పెట్టినంత శ్రద్ధ దీనికీ పెట్టాలి.

ఈ మాట అన్న ప్రతిచోటా నాకు వచ్చే మొదటి జవాబు, "మనకు పాట ఉంది కదా" అని. ఉంది. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా పల్లెలను కదిలించింది పాట. సుద్దాల హనుమంతు పాటలు కట్టారు, బుర్రకథలు చెప్పారు, గొల్లసుద్దుల వరసను పోరాటానికి వాడుకున్నారు. బండి యాదగిరి కట్టిన పాట అక్షరం ముక్క రాని మనిషి నోట కూడా ఆడింది. ఇప్పటికీ ఆడుతూనే ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్నకు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది 'వల్లంకి తాళం' అనే పుస్తకానికి. ఆ పుస్తకం చేతిలోకి తీసుకోకముందే ఆయన పాటలు వినినవాళ్లు లక్షల్లో ఉంటారు. చెవి ద్వారా బతికే సాహిత్యానికి ఇక్కడ గౌరవం లేదని నేను అనడం లేదు.

అయితే పాట చేసే పని వేరు, కథ చేసే పని వేరు. పాటకు పల్లవి ఉంటుంది, అది మళ్లీ మళ్లీ వచ్చి ఒకే భావాన్ని గట్టిపరుస్తుంది. వెయ్యిమందిని ఒక్క ఊపున లేపుతుంది. అడ్వాన్సు తీసుకున్న మనిషి ఆ రాత్రి పెళ్లానికి సగం నిజం చెప్పి సగం దాచిపెడితే, ఆమెకు ఆ సంగతి తెలిసి కూడా ఊరుకుంటే, దాన్ని పాటలో చెప్పడం కష్టం. దానికి వచనం కావాలి, నెమ్మదిగా నడిచే మాట కావాలి. మన జిల్లాల్లో పాట వాడకెళ్లింది, వచనం మాత్రం అచ్చులోనే ఆగింది. వచన కవితకూ అదే జరిగింది. వరస కట్టలేం కాబట్టి దాన్ని ఎవరూ పాడుకోలేదు. పద్యం కాదు కాబట్టి కంఠస్థం చేయలేదు. సభలో ఒకసారి చదివాక అది మళ్లీ పుస్తకంలోకే పోయింది.

వెనక్కి చూస్తే ఇక్కడ మాట వినిపించే చోట్లు రెండు రకాలుగా ఉండేవి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో పండిత సభలు జరిగేవి. తిరుపతి వేంకట కవులు వచ్చి అవధానాలు చేసి సన్మానాలు అందుకున్న సభలవి. అక్కడ పద్యం చదివే తీరుకు ఎంతో విలువ ఉండేది కానీ, లోపలికి అందరికీ ప్రవేశం లేదు. వాడల్లో వేరే గొంతులు ఉండేవి. చిందువాళ్లు, ఒగ్గువాళ్లు, శారద కథవాళ్లు, కిన్నెర మీటే డక్కలివాళ్లు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుతారు. 2021లో ఒక సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినపడేసరికి రాష్ట్రమంతా అడిగింది ఎవరీయన అని. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన అంతకుముందు కూడా ఉన్నారు, అదే గొంతుతో అవే కథలు చెబుతూనే ఉన్నారు. ఒక్క రికార్డింగు ఆయన్ని కోట్ల చెవులకు చేర్చింది. గొంతుకు ఉన్న బలం అది. అచ్చయిన వ్యాసం ఆయన గురించి ఎంత బాగా రాసినా ఆ పని చేయలేకపోయింది.

వట్టికోట ఆళ్వారుస్వామి ఇక్కడ గుర్తొస్తారు. నల్లగొండ జిల్లాలో పుట్టి, చిన్నప్పుడు ఇళ్లలో వంట చేసి బతికి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన మనిషి. పుస్తకాలు మోసుకుని ఊరూరూ తిరిగారు. జనం పుస్తకం దగ్గరికి రాకపోతే పుస్తకమే జనం దగ్గరికి పోవాలన్నది ఆయన పద్ధతి. గ్రంథాలయోద్యమం నడిచిన రోజుల్లో ఒకరు చదువుతుంటే పదిమంది కూర్చుని వినడం మామూలు సంగతి. అట్లా వినడం ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. రేడియో వచ్చాక కొంత, టీవీ వచ్చాక మొత్తం పోయింది. ఇప్పుడు చేయాల్సింది కొత్త పనేమీ కాదు, ఆగిపోయిన పనిని మళ్లీ మొదలుపెట్టడమే.

ఎవరు వింటారన్న అనుమానం ఇంకొకటి. కళ్లు, చేతులు పనిలో ఉండి చెవులు మాత్రం ఖాళీగా ఉండే పనులు మన దగ్గర ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. పోచంపల్లి, పుట్టపాక వైపు ఇళ్లల్లో ఆడవాళ్లు నేతకు నూలు సిద్ధం చేస్తూ గంటల తరబడి ఆసు పోస్తారు, చిటికి కడతారు. పత్తి ఏరేటప్పుడు కొంగుకు ఫోన్ కట్టుకుని పాటలు పెట్టుకునేవాళ్లను మా వైపు ఎప్పుడూ చూస్తుంటాం. రాత్రంతా లారీ నడిపేవాళ్లు, అపార్టుమెంట్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని తెల్లవార్లూ మేలుకునే వాచ్‌మన్లు (హైదరాబాద్‌లో వాళ్లలో ఎంతమంది మన జిల్లాలవాళ్లో అడిగి చూస్తే తెలుస్తుంది), కంకర మోసి వచ్చి రేకుల షెడ్డులో నడుం వాల్చినవాళ్లు. వీళ్లకు కథ ఇష్టం ఉండదని ఎవరు చెప్పారు? రాత్రంతా మేలుకుని కథ వినే అలవాటున్న మనుషుల పిల్లలే వీళ్లు.

నేను రాసిన ఒక కథ ఈ మధ్య చదివి పుణెలో సైటు మీద పనిచేసే మా బంధువుకు పంపాను. కథలో ఒక గుంపు మేస్త్రీ ఉంటాడు, కూలీలు చచ్చీ చెడీ చేసిన పని దినాలు చిత్తు పుస్తకంలో రాసి, తీరా ఊరికి పోయేటప్పుడు ఆ పుస్తకం పోయిందంటాడు. మూడో రోజు జవాబుగా పొడుగాటి వాయిస్ మెసేజ్ వచ్చింది. అందులో మాట్లాడింది ఒక్క మా బంధువు కాదు, గదిలో ఉన్నవాళ్లంతా. "అట్లాంటి మేస్త్రీ యాడుంటడన్నా, ఊర్లె మొఖం ఎట్ల చూపెడ్తడు?" అని ఒకరు. "ఉండకేంది, మా మక్తల్ ఆయన అచ్చం గిట్లనే చేసిండు" అని ఇంకొకరు. నడుమ ఒక ఆడమనిషి గొంతు దూరం నుంచి వినిపించింది, "ఆ పుస్తకం వాని పెండ్లాం దాచిపెట్టిందేమో" అని. నా కథ మీద సభల్లో జరిగిన చర్చల్లో ఎవరూ ఆ మేస్త్రీ భార్య గురించి ఆలోచించలేదు. సభలో మాట్లాడినవాళ్లు కథను వలస సాహిత్యంగా చదివారు. పుణె గదిలో ఉన్నవాళ్లు ఆ మేస్త్రీని ఎరిగిన మనిషిగా విన్నారు. ఆ విమర్శ రచయితకు ఎంత విలువైనదో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

ఇక చదవడం దగ్గరికి వద్దాం. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. "నా గొంతు బాగుండదు" అంటారు. గొంతు బాగుండాల్సిన పని లేదు. మాట తెలియాలి, తొందర ఉండకూడదు, అంతే. అసలు చిక్కు గొంతులో లేదు, మనకున్న రెండు అలవాట్లలో ఉంది. ఒకటి, పేపరు కనబడగానే వార్తలు చదివే స్వరంలోకి వెళ్లిపోవడం. రెండోది, కవి సమ్మేళనం స్వరం. కవి సమ్మేళనంలో పాదాన్ని రెండుసార్లు చదవడం మనకు ముషాయిరా, అంటే ఉర్దూ కవుల సభ, నుంచి వచ్చిన మర్యాద. మొదటిసారి చదివినప్పుడు జనం వాహ్వా అంటారు, రెండోసారికి వాళ్లూ గొంతు కలుపుతారు. ఎదురుగా జనం ఉన్నప్పుడు అది అందంగా ఉంటుంది. ఇయర్‌ఫోన్‌లో వినే ఒంటరి మనిషికి అదే పాదం రెండోసారి వస్తే ఫోన్ ఆగిందేమో అనిపిస్తుంది. వెయ్యిమందికి వినపడాలని పెంచిన స్వరం ఒక్కడి చెవిలో పడితే నొప్పిగానే ఉంటుంది. కేకల మీద బతికిన కవితలు కొన్ని ఇక్కడ తేలిపోతాయి. తేలిపోవడం మంచిదే.

దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం పాత కథకుల దగ్గర నేర్చుకున్నది. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు ఉండాలంటారు. బుర్రకథలో వంత ఉంటుంది. ఒగ్గు కథలో పక్కనున్నవాళ్లు అందుకుంటారు, అడ్డు ప్రశ్నలు వేస్తారు. ఇంట్లో అవ్వ కథ చెప్పినా పిల్లలు ఊఁ కొట్టకపోతే ఆపేసేది. గదిలో ఒంటరిగా ఫోన్‌కు చదివినప్పుడు ఆ ఊఁ ఉండదు. అందుకే స్వరం బిగుసుకుపోతుంది. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకోవాలి. అమ్మయినా, చెల్లెలయినా, పక్కింటి పెద్దమ్మయినా సరే. సాహిత్యంతో సంబంధం లేని మనిషి అయితే ఇంకా మంచిది. వాళ్లు మాట్లాడనక్కర్లేదు, తలాడిస్తే చాలు. వాళ్ల ముఖం చూస్తూ చదివినప్పుడు స్వరం దానంతటదే మాటలోకి దిగుతుంది. ఎక్కడ వాళ్ల చూపు పక్కకు పోయిందో అక్కడ కథలో ఏదో ఎక్కువైందని కూడా తెలిసిపోతుంది.

కథ గట్టిగా చదివితే బయటపడే సంగతులు చాలా ఉన్నాయి. పొడుగు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాం. ఇద్దరు పాత్రలకు ఎల్లయ్య, మల్లయ్య అని పేర్లు పెడితే వినేవాళ్లు కలగలిపేస్తారు. అన్నిటికంటే పెద్దది భాష. మన కథల్లో పాత్రలు "యాడికి వోతున్నవ్", "గట్లెట్లయితది" అని మాట్లాడతాయి. కథ చెప్పే గొంతు మాత్రం "అతడు దీర్ఘంగా నిట్టూర్చి ఆకాశం వైపు చూశాడు" అంటుంది. కాగితం మీద కొటేషన్ గుర్తులు రెండింటినీ విడదీసి చూపిస్తాయి కాబట్టి కంటికి ఇబ్బంది ఉండదు. చెవికి ఆ గుర్తులు లేవు. ఒకే నోరు వాక్యం వాక్యానికీ మారుతుంటే వినేవాళ్లు వెంటనే పట్టేస్తారు, ఈ చెప్పేవాడు మనల్ని కొంచెం ఎత్తు నుంచి చూస్తున్నాడని. ఆ ఎత్తు రచయిత కావాలని పెట్టుకున్నది కాకపోవచ్చు. బడి నేర్పింది, పత్రికలు నేర్పాయి. కానీ అది ఉంది. చదివి వింటే తప్ప మనకు వినపడదు.

దీనికి అందరూ ఒకే దారి పట్టాలని నేను అనను. కథ మొత్తం ఊరి మాటలో చెప్పేవాళ్లు ఉన్నారు. చదువుకుని పట్నం పోయి తిరిగొచ్చిన మనిషి గొంతును కథకుడికి ఇచ్చి, ఆ దూరాన్నే కథలో భాగం చేసేవాళ్లూ ఉన్నారు. రెండూ మంచివే. ఏది చేసినా చెవితో తేల్చుకుని చేయాలి.

పైగా మన మాట అంతా ఒకటే కాదు. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం కలిసిన యాస. గద్వాల దాటి అలంపురం పోతే కర్నూలు గాలి తగులుతుంది. అచ్చంపేట, అమ్రాబాద్ మాట వేరు, దేవరకొండ వేరు, సూర్యాపేట దాటి కోదాడ పోయేసరికి ఇంకో తీరు. ఉర్దూ ముక్కలు ఎక్కడ ఎంత కలుస్తాయో అది ఊరూరికీ మారుతుంది. అచ్చులో వీటన్నిటికీ కలిపి "తెలంగాణ మాండలికం" అని ఒకే స్పెల్లింగు వాడుతున్నాం. దీర్ఘం ఎక్కడ సాగుతుంది, ప్రశ్న అడిగేటప్పుడు చివర స్వరం ఎట్లా లేస్తుంది, ముసలామె మాట మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకుంటుంది, ఇవేవీ అక్షరాల్లో పట్టవు. ఆ ఊరి రచయిత చదివితే అన్నీ వస్తాయి.

అందుకే బయటి గొంతులతో చదివించడం నాకు ఇష్టం లేదు. శిక్షణ పొందిన వాయిస్ ఆర్టిస్టులు బాగా చదువుతారు, వాళ్ల పని మీద నాకు గౌరవం ఉంది. కానీ పాలమూరు మాట రాగానే చాలామంది సినిమాలో విన్న స్వరం అందుకుంటారు. దశాబ్దాల పాటు తెలుగు సినిమా మన మాటను విలన్‌కో, నవ్వించే పాత్రకో ఇచ్చింది. ఆ వాసన ఆ స్వరానికి అంటుకుని ఉంది. కొడుకును పోగొట్టుకున్న తల్లి మాట ఆ స్వరంలో వింటే వినేవాళ్లకు నవ్వు రావచ్చు. అంతకంటే ఘోరం ఏముంటుంది? ఇప్పుడు యంత్రం చదివే గొంతులు కూడా వచ్చాయి. చూపు లేనివాళ్లకు ఏ పుస్తకాన్నైనా అప్పటికప్పుడు చదివి వినిపించే ఆ సాధనం చాలా గొప్పది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే నేను విన్న యంత్రపు గొంతులన్నీ "గట్లెట్లయితది" అన్న మాటను తప్పు పడిన అచ్చులా చదివాయి. రచయిత బతికి ఉండి, చేతిలో ఫోన్ ఉండి, తన కథను ఆ గొంతుకు వదిలేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

వినడం వల్ల లోతు పోతుందని అనే మిత్రులు ఉన్నారు. వాళ్లు తేలిగ్గా అనే మాట కాదది. పుస్తకంలో ఒక వాక్యం దగ్గర ఆగవచ్చు, వెనక్కి పోవచ్చు, మార్జిన్‌లో గీత గీసుకోవచ్చు. కొన్ని కవితలు నిజంగానే కంటి కోసం రాసినవి. పాదాలను విడగొట్టిన తీరులోనే వాటి అర్థం ఉంటుంది. అట్లాంటివాటిని రికార్డు చేయమని నేనూ చెప్పను. వచన కవిత చదివేటప్పుడు పాదం విరిగిన చోట ఎంత ఆగాలన్నది ప్రతి కవీ తేల్చుకోవాల్సిన ప్రశ్న. నాకైతే సగం ఊపిరి చాలనిపిస్తుంది. కానీ లోతు కంటికి మాత్రమే దొరుకుతుందంటే, మన వెయ్యేళ్ల పద్య సాహిత్యాన్ని ఏం చేద్దాం? అది చెవి కోసమే కట్టిన సాహిత్యం. పొలం గట్టు మీద కూర్చుని పోతన పద్యం అందుకునే రైతుకు దాని లోతు అందలేదని అనగలమా?

ఆడవాళ్ల విషయం మాత్రం వేరుగా చెప్పాలి. గొంతు బయటికి పోతే ఎవరెవరో ఫోన్లు చేస్తారని, ఇంట్లో ఒప్పుకోరని, ఊళ్లో మాట పడాల్సి వస్తుందని భయపడే రచయిత్రులు నాకు తెలుసు. అది ఉత్త భయం కాదు. అక్షరం వెనక దాక్కోవచ్చు, గొంతును ఊరు గుర్తుపడుతుంది. అట్లాంటివాళ్లు నలుగురు స్నేహితురాళ్ల గ్రూపుతో మొదలుపెట్టవచ్చు, కలం పేరుతో పంపవచ్చు, ఫోన్ నంబరు ఎక్కడా పెట్టకుండా ఉండవచ్చు. లేదంటే అదే ప్రాంతం మాట తెలిసిన మరో స్త్రీతో చదివించుకోవచ్చు. ఎవరినీ బలవంతం చేసి రికార్డు చేయకూడదు. సభల్లో చదివిన కవితలను అడగకుండా వీడియో తీసి పంచేవాళ్లకు కూడా ఇదే మాట.

రికార్డింగు గురించి పెద్దగా భయపడాల్సింది లేదు. మామూలు ఫోన్ చాలు. నోటికి జానెడు, జానెడున్నర దూరంలో, కొంచెం పక్కకు పెట్టుకుంటే ప, బ, భ అక్షరాల దగ్గర గాలి కొట్టదు. స్లాబు ఇంట్లో ఖాళీ గది గొంతును తిప్పి కొడుతుంది. బొంతలు, బట్టలు, వడ్ల బస్తాలు ఉన్న గది మంచిది. ఫ్యాన్ ఆపక తప్పదు. మే నెలలో నల్లగొండలో ఫ్యాన్ ఆపి అరగంట కూర్చోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే తెల్లారగట్ల చదవాలి, అప్పటికి గుడి మైకు, బోరు మోటార్లు మొదలు కావు. కోడి కూస్తే కూయనివ్వండి, దానికోసం మళ్లీ చదవక్కర్లేదు. మొదట కథ పేరు, మీ పేరు, మీ ఊరు చెప్పండి. నేపథ్య సంగీతం వద్దు. ఏడిపించే వయొలిన్ పెట్టాల్సి వచ్చిందంటే వాక్యం మీద రచయితకే నమ్మకం లేదని అర్థం. ఫైలు పెద్దదవుతుందని భయపడేవాళ్లకు ఒక లెక్క: 128 కేబీపీఎస్ ఎంపీత్రీలో నిమిషానికి సుమారు 1 ఎంబీ అవుతుంది. ఒట్టి మాటకు అందులో సగం సరిపోతుంది. అరగంట కథ 15 ఎంబీకి అటూ ఇటూ వస్తుంది, ఊళ్లో సిగ్నల్‌కు కూడా అందుతుంది. కుదించని అసలు రికార్డింగును మాత్రం వేరే ఒకటికి రెండు చోట్ల దాచుకోవాలి. ఫోన్ పోతే కథ పోకూడదు.

డబ్బుల మాట కూడా వస్తుంది, ఉచితంగా ఎందుకివ్వాలని. తెలుగులో కథల పుస్తకం వేసే రచయిత సొంత డబ్బుతో ఐదొందల కాపీలు అచ్చు వేయించి, సగం పంచిపెట్టి, మిగిలినవి అటక మీద పెట్టడం మనకు కొత్త కాదు. దానితో పోలిస్తే ఆడియోకు ఖర్చే లేదు. ఏదైనా యాప్ డబ్బులిస్తానంటే సంతోషం, ఇవ్వండి. కానీ కాగితం చదివి సంతకం పెట్టండి. ఎన్నేళ్లకు హక్కు ఇస్తున్నారో అందులో రాయించండి. కాలం రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది ఐదేళ్లకే అని లెక్క. "శాశ్వతంగా" అన్న మాట రాసి ఉంటే ఆ ఐదేళ్ల రక్షణ ఉండదు. ఇతరుల కథ చదివి పెట్టాలంటే వాళ్ల అనుమతి కావాలి, ఎంత ప్రేమతో చదివినా సరే. రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు వారసులది. 1953లో పోయిన సురవరం ప్రతాపరెడ్డి రచనలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. వట్టికోట 1961లో పోయారు, కాబట్టి 1955లో అచ్చయిన 'ప్రజల మనిషి' నవలను 2022 జనవరి నుంచి ఎవరైనా చదివి రికార్డు చేయవచ్చు. నల్లగొండ జిల్లా యువకులు తలో అధ్యాయం పంచుకుని ఆ నవల మొత్తం చదివితే ఎంత బాగుంటుంది! పుస్తకాలు మోసుకుని తిరిగిన మనిషి నవల ఫోన్లలో ఊరూరూ తిరుగుతుంది.

సురవరం పేరు వచ్చింది కాబట్టి ఒక ప్రతిపాదన. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన పత్రికలో ప్రకటన వేసి, ఊరూరి నుంచి కవితలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. పాలమూరు బిడ్డ చేసిన పని అది. ఆ కవుల పద్యాలు మన దగ్గర ఉన్నాయి. వాళ్ల గొంతులు ఆ సంచికలోకి రాలేదు, రావడానికి అప్పుడు దారి లేదు. ఇప్పుడు దారి ఉంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ ఐదు జిల్లాలైంది, నల్లగొండ మూడైంది. ఈ ఎనిమిది జిల్లాల్లో ఒక్కో కవి తన కవిత ఒకటి, ఒక్కో కథకుడు తన కథ ఒకటి చదివి ఇస్తే, మన కాలపు గొంతుల సంచిక తయారవుతుంది. ఎంపిక కమిటీలు, పీఠికలు, ఆవిష్కరణ సభలు లేకుండా కూడా ఇది జరుగుతుంది. జిల్లా గ్రంథాలయాల్లో ఒక గది అడగాలి. పరుపో బొంతో గోడకు వేలాడదీసుకుంటే ఆ గది చాలు. ఒక ఫోన్, ఒక హార్డ్ డిస్క్, వారానికి ఒక పూట కూర్చునే ఇద్దరు కుర్రాళ్లు కావాలి. చదివిన ప్రతివాళ్ల దగ్గరా, ఎవరెవరికి వినిపించవచ్చో, ఎక్కడ పెట్టవచ్చో రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.

వరసలో ముందు ఎనభై దాటినవాళ్లు ఉండాలి. గ్రంథాలయం దాకా రాలేనివాళ్ల ఇంటికి ఫోన్ పట్టుకుని మనమే పోవాలి. వాళ్లు ఒక్క పేజీ చదివి అలిసిపోతే మళ్లీ మరుసటి వారం పోవాలి. చదివాక ఆపేయకుండా, ఆ కవిత ఏ సంవత్సరం రాశారో, అప్పుడు ఊళ్లో ఏం జరుగుతుండేదో, మొదట ఎవరికి వినిపించారో అడిగి, ఆ మాటలు కూడా రికార్డు చేసుకోవాలి.